పాత మోటారుకారులో పెట్రోలు పీడనము

మోటారుకారు ఇంజను ఆగిన వెంటనే బండిలోని పని అంతయు ఆగిపోయినదని తలచుట సహజము. చప్పుడు లేదు, కదలిక లేదు, సైలెన్సరు నుండి పొగ లేదు. కాని పెట్రోలు టాంకి మొదలుకొని ఇంజను వరకు పోవు సన్నని గొట్టములో ఒకటి మాత్రము పోక నిలిచియుండును. అది పీడనము. ఇంజను నడచుచున్నప్పుడు పంపు ఎంత బలముతో పెట్రోలును నెట్టుచుండెనో ఆ బలములో కొంత, కొన్ని బండ్లలో దాదాపు అంతయు, ఇంజను నిలిచిన తరువాత గంటల కొలది గొట్టములోనే దాగియుండును. ఈ సంగతి నెరుగక స్పానరు పట్టి ఆ గొట్టమును విప్పినవాని ముఖమున పెట్రోలు చిమ్మును. ప్రక్కనే కాగియున్న యినుముపై అది పడినయెడల ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

మన పుత్తూరు చెన్నపట్టణము నుండి తిరుపతికి పోవు మార్గమున నున్నది. రాత్రింబవళ్లు బండ్లు పోవు బాట యగుటచేత బాట ప్రక్క మెకానిక్కు షెడ్లకు కొదువ లేదు. పదవ తరగతి ముగించిన పిల్లలలో కొందరు, మరికొందరు వేసవి సెలవులలోనే, ఇట్టి షెడ్లలో చేతిక్రింది పనికి చేరుచుందురు. పనిముట్ల పేర్లు వారు ఒక వారములో నేర్చుకొందురు. ఏ గొట్టమును ఎప్పుడు విప్పవలెను, ఎప్పుడు విప్పరాదు అనునది మాత్రము వారిని కూర్చుండబెట్టి చెప్పువారు అరుదు. ఇక తలిదండ్రులలో కొందరి యిండ్ల యెదుట తాతల నాటి అంబాసిడరో, పద్మినియో టార్పాలిను క్రింద నిలిచియుండును. అమ్ముటకు మనసొప్పదు, నడుపుటకు తీరిక లేదు. సెలవుదినమున తామే దానిని బాగుచేయుదమని బానెట్టు ఎత్తు పెద్దలును కలరు. ఈ నాలుగు మాటలు ఆ పిల్లల కొరకును, ఈ పెద్దల కొరకును వ్రాయుచున్నాను.

పీడనము నిలిచియుండుట యన నేమో తెలిసికొనుటకు మోటారుబండి అక్కరలేదు. మామిడితోటలకు మందు కొట్టు పంపు డబ్బాను చూడుడు. రైతు పంపు కొట్టుట మానిన తరువాతను మీట నొక్కినచో కొంతసేపు మందు చిమ్ముచునే యుండును. డబ్బా విప్పి శుభ్రము చేయవలసినప్పుడు తెలిసినవాడేమి చేయును? పంపు మానును. మీటను నొక్కిపట్టి, ఆ చిమ్ముట బొట్లుబొట్లుగా మారి నిలిచిపోవు వరకు వేచియుండును. అటుపిమ్మటనే గొట్టమును విప్పును. పూర్వము పెండ్లి ఊరేగింపులకును రాత్రి కూటములకును వెలిగించు పెట్రోమాక్సు దీపముల విషయమును ఇట్టిదే. కిరసనాయిలు పోయు మూతను తీయుటకు ముందు చిన్న మరను వదులుచేసి లోపలి గాలిని బుస్సుమని పోనిచ్చెడివారు. మొదట దీపము ఆర్పి చల్లారనిచ్చుట, ఆ మీదట గాలి వదలుట, ఆ మీదటనే మూత విప్పుట. ఈ వరుస తప్పినవాని కనుబొమలు కాలిన కథలు ముసలివారి నడిగినచో చెప్పుదురు. మోటారుకారు విషయమున నేను చెప్పబోవునదంతయు ఈ వరుసకు వ్యాఖ్యానమే యని తలచుడు: పీడనమును పుట్టించు దానిని ఆపవలెను, ఉన్న పీడనమును దానికి తగిన దారినే పోనీయవలెను, పిదప విప్పవలెను.

అయితే పెట్రోలు కిరసనాయిలు వంటిది కాదు. కిరసనాయిలును గిన్నెలో పోసి యుంచిన యెడల చల్లని పూట అగ్గిపుల్ల తగిలించినను వెంటనే అంటుకొనదు. అది 38 డిగ్రీల వేడికి మించిన తరువాతనే అంటుకొనదగినంత ఆవిరి నిచ్చును. పెట్రోలు సున్నకు దిగువ 40 డిగ్రీల చలిలోనే అంతటి ఆవిరి నిచ్చును. మంచు గడ్డకట్టు దేశములలోనే దానికి నిద్ర లేదనగా, మే నెలలో 40 డిగ్రీలు దాటు మన రాయలసీమ యెండలో దాని సంగతి ఊహింపదగును. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల వెంబడి ప్రాకి, షెడ్డులోని గుంటలోనికి దిగి కూర్చుండును. గాలిలో నూటికి 1.4 పాళ్లు మొదలు 7.6 పాళ్ల వరకు పెట్రోలు ఆవిరి యున్నచో అది అంటుకొనును. అనగా వాసన తెలియుచున్నదే గాని కంటికి తడి కనబడకున్నను ప్రమాదము కలదు. దానికి బీడీయే కానక్కరలేదు. స్విచ్చి వేయునప్పటి మెరపు, బ్యాటరీ తీగ తగిలినప్పటి రవ్వ, వ్రేలాడగట్టిన బల్బు పగులుట, ఇవి చాలును.

ఇక పాత కార్ల విషయమునకు వత్తము. పాత కారనగా ఎంత పాతది? మన కేంద్ర ప్రభుత్వము 2021 లో చేసిన నియమముల ప్రకారము ఏబదియేండ్లు దాటి, మొదటి రూపము చెడక యున్న బండ్లకు ‘విఎ’ అను అక్షరములు గల ప్రత్యేక సంఖ్యాఫలకము నిత్తురు. మన కిచ్చట ఆ లెక్క ముఖ్యము కాదు. ఇంజనుకు పెట్రోలు ఏ విధమున అందుచున్నదన్నదే ముఖ్యము. ఏలయన పీడనము ఎక్కడ నిలుచునో, ఎంత నిలుచునో దానిని బట్టియే యుండును.

తొలినాటి కార్లు అనేకములలో పంపే లేదు. టాంకి ఎత్తున నుండెడిది, పెట్రోలు తన బరువుతో తానే దిగెడిది. ఫోర్డు మోడల్ టి అట్టిది. దాని టాంకి ముందు సీటు క్రింద నుండుటచేత, పెట్రోలు తక్కువగా నున్నప్పుడు నిట్రమైన మెట్ట నెక్కుచో పెట్రోలు ఇంజనుకు అందెడిది కాదు. అందుచేత ఆ బండిని వెనుకకు త్రిప్పి రివర్సులో కొండ నెక్కించెడివారు! ఇట్టి బండిలో పీడనము స్వల్పము. కాని గొట్టము విప్పినచో టాంకి ఖాళీ యగు వరకు కారుచునే యుండును. టాంకి క్రింది కుళాయిని కట్టుటయే అచ్చటి మొదటి పని.

ఆ కాలపు పెద్ద బండ్లలో మరియొక పద్ధతి యుండెను. టాంకి బండి వెనుక భాగమున క్రిందుగా నుండును. బండి నడుపువాని యెదుట ఒక చేతిపంపు. దానితో టాంకిలోనికి గాలి కొట్టినచో ఆ గాలి పెట్రోలును ముందుకు నెట్టును. ఇంజను నడచిన తరువాత దానికి తగిలించిన చిన్న గాలిపంపు ఆ పని చూచుకొనును. ఇది అచ్చముగ పెట్రోమాక్సు పద్ధతియే. హైదరాబాదులోని చౌమహల్లా రాజభవనమున నిజాము కొరకు చేయబడిన 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును నేటికిని చూడవచ్చును. విహారయాత్రకు పోయిన పిల్లలు దాని సింహాసనమువంటి యాసనమును మాత్రము చూచి వత్తురు. ఆ తరము బండ్లను బాగుచేయువారు మొదట చూడవలసినది యాసనము కాదు, టాంకి మూత. గాలి యొత్తిడితో పెట్రోలు నెట్టు బండిలో టాంకి మూతను మెల్లగా వదులుచేసి గాలిని పోనిచ్చిననే గాని ఏ గొట్టమును ముట్టరాదు.

మన యూళ్లలో ఎక్కువగా కనబడు పాత బండ్లు వీనికి తరువాతివి. 1958 ప్రాంతమున మొదలై 2014 లో ఆగిపోయిన అంబాసిడరు, ఫియట్టు పేరుతో వచ్చి 1970 ల నడుమ పేరు మారి 2001 వరకు తయారైన ప్రీమియర్ పద్మిని, చెన్నపట్టణపు దగ్గరనే తయారైన స్టాండర్డ్ హెరాల్డు, ఇవి మన ప్రాంతపు బాటలను ఏలినవి. కార్బురేటరు గల ఇట్టి బండ్లలో పెట్రోలు పంపు సాధారణముగ ఇంజను ప్రక్కనే యుండును. దాని లోపల ఒక పలుచని పొర. ఇంజను తిరుగునప్పుడు ఒక మీట ఆ పొరను క్రిందికి లాగును, అప్పుడు టాంకి నుండి పెట్రోలు లోనికి వచ్చును. మీట వదలినప్పుడు పొర క్రింది స్ప్రింగు దానిని పైకి నెట్టును, పెట్రోలు కార్బురేటరునకు పోవును. కార్బురేటరులోని గిన్నె నిండిన యెడల తేలుబిళ్ల పైకి లేచి సూదితో దారిని మూయును. ఇప్పుడు చూడుడు: ముందు సూది మూసినది, వెనుక పంపు కవాటము మూసినది, నడుమ గొట్టమునిండ పెట్రోలు, దానిపై స్ప్రింగు బలము. ఇంజను ఆపినను ఆ స్ప్రింగునకు ఆ సంగతి తెలియదు. అది నెట్టుచునే యుండును.

ఆ బలము ఎంత? చదరపు అంగుళమునకు 2 మొదలు 5 పౌన్ల వరకు. టైరు గాలి కొట్టువాడు ముప్పది పెట్టమందురా యని అడుగునది ఈ లెక్కయే. ఒక పౌను పీడనమనగా సుమారు రెండడుగుల నాలుగు అంగుళముల నీటి యెత్తు. కాబట్టి కార్బురేటరు బండిలోని పీడనము మేడపైని నీటి తొట్టి నుండి క్రింది కుళాయికి వచ్చు నీటి బలము వంటిది, లేక దానికంటె తక్కువ. భయపడునంతటిది కాదు. మరి ఇంత చెప్పనేల యందురా? రెండు కారణములు కలవు.

మొదటిది వేడి. ఇంజను నడచునంతసేపు ఫ్యాను గాలి విసరుచుండును, చల్లని పెట్రోలు గొట్టమున ప్రవహించుచుండును. ఇంజను ఆపిన క్షణమున రెండును నిలిచిపోవును. అప్పుడు ఇంజనులోని వేడి యంతయు బానెట్టు క్రింద నిండి, ఆపిన తరువాత పావుగంటలో గొట్టము మరింత కాగును. వేడి పది డిగ్రీలు పెరిగినచో పెట్రోలు నూటికి ఇంచుమించు ఒక వంతు ఉబ్బును. మూతబడిన గొట్టములో ఉబ్బుటకు చోటేది? పీడనము పెరుగును. అంతేకాక పెట్రోలులోని తేలిక భాగములు 40 డిగ్రీల లోపుననే మరుగ నారంభించును. తిరుమల కొండకు మొదటి ఘాటు బాట 1944 లో తెరవబడెను. ఆ బాటపై అంబాసిడర్లు నడుపు డ్రైవర్లు వేసవిలో నడుమ నిలిచిపోయిన బండి బానెట్టు ఎత్తి, పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేసి కూర్చుండుట ఒకప్పుడు నిత్యదృశ్యము. పెట్రోలు గొట్టములోనే మరిగి ఆవిరియై దారి కడ్డుపడుట దానికి కారణము. తడిగుడ్డ మంచి వైద్యమే. కాని ఆ సమయమున గొట్టము విప్పి ఊదిచూచుట వైద్యము కాదు.

రెండవ కారణము స్థలము. అంబాసిడరునకు చిరకాలము అమర్చిన 1489 ఘనసెంటీమీటర్ల ఇంజనులో పెట్రోలు గాలి కలసి లోనికి పోవు దారియు, కాలిన పొగ వెలికి వచ్చు దారియు ఒక ప్రక్కనే యుండును. కార్బురేటరు పైన, పొగను కొనిపోవు మానిఫోల్డు దాని క్రింద. కార్బురేటరు గొట్టము నుండి జారిన చెంచాడు పెట్రోలు సరిగ దానిపైననే పడును. బండి కొండ దిగి వచ్చినప్పుడు ఆ యినుము పెట్రోలు తనంతట తానే అంటుకొనునంత వేడిగా నుండవచ్చును. అగ్గిపుల్లతో పని యుండదు. కాబట్టి రెండు పౌన్ల పీడనమే యైనను అది చిందించునది ఎక్కడ పడునో చూడవలెను.

ఇట్టి బండిపై పని చేయువాడు మొదట దానిని షెడ్డు వెలుపలికి, చెట్టునీడకు తోయించి, బానెట్టు ఎత్తి, చేతిని మానిఫోల్డు దగ్గర పెట్టినను వేడి తగులనంత వరకు విడువవలెను. గంట పట్టినను పట్టనిండు. నేలను సమముగ నున్న చోటనే బండి నిలువవలెను. ముక్కు పల్లమునకు నున్నయెడల వెనుకనున్న టాంకి నుండి పెట్రోలు తనంతట దిగివచ్చును. ఆ పిమ్మట టాంకి మూతను మెల్లగా త్రిప్పవలెను. యెండలో నిలిచిన బండియైనచో బుస్సుమను శబ్దము వినబడును. అది పోయిన తరువాత బ్యాటరీ ఋణ తీగను, అనగా ఇంజనుకును బాడీకిని కలిపిన ఎర్తు తీగను, తీసివేయవలెను. పాత ఇంగ్లీషు బండ్లలో కొన్నింటికి ధన తీగయే ఎర్తుగా నుండును. అట్టివానిలో ఏది బాడీకి బిగించియున్నదో అదియే తీయదగినది. తరువాత విప్పవలసిన నట్టు క్రింద ఇనుప డబ్బా యుంచి, నట్టు చుట్టును మందమైన నూలు గుడ్డ చుట్టి, ఒక స్పానరుతో వెనుక భాగమును పట్టి, రెండవ స్పానరుతో నట్టును అరచుట్టు మాత్రమే త్రిప్పి ఆగవలెను. ఒక్క స్పానరే వాడినచో పాత రాగి గొట్టము మెలిపడి చిట్లును. గుడ్డ తడియై, కారుట నిలిచిన తరువాతనే పూర్తిగ విప్పి, టాంకి వైపు కొనను సరియైన బోల్టుతో మూయవలెను.

కొన్ని పాత బండ్లలో, మారిస్ మైనరు వంటి వానిలో, విద్యుత్తుతో టిక్కుటిక్కుమని కొట్టుకొను ఎస్.యు. పంపు కలదు. అట్టిది ఇంకను సులభము. పంపు తీగను తీసి ఇంజనును నడిపినచో కార్బురేటరు గిన్నెలోనున్నది త్రాగి కొద్ది నిమిషములలో తానే ఆగిపోవును. రైతు మీట నొక్కిపట్టుట ఇదియే.

ఇచ్చట ఒక మాట. టాంకి ఖాళీ చేయుటకు గొట్టమును నోట పెట్టి పీల్చు అలవాటు మన షెడ్లలో ఇంకను పోలేదు. పెట్రోలు కడుపులోనికి పోవుటకంటె ఊపిరితిత్తులలోనికి ఒక గ్రుక్క పోవుట మిక్కిలి అపాయము. అది రొమ్మును వాపెక్కించి ప్రాణము మీదికి తెచ్చును. అట్లు మింగినవానిచేత వాంతి చేయింపరాదు, నేరుగ ఆసుపత్రికి కొనిపోవలెను. రబ్బరు బుడ్డిగల చేతిపంపు అంగడిలో స్వల్పవెలకు దొరకును. పిల్లవానిచేత పీల్పించు మేస్త్రీ ఎంత పనివాడైనను, ఆ పిల్లవాని తండ్రి అతని నడుగదగిన మాట యొకటి కలదు: ‘నీ కుమారునిచేత నిట్లు చేయింతువా?’

ఇంతవరకు చెప్పినది స్వల్పపీడనము గల బండ్ల మాట. ఇంజెక్షను బండ్లు వేరు జాతి. వీనిలో కార్బురేటరు లేదు. పెట్రోలును సన్నని ముక్కుల గుండ తుంపరగా చిమ్మవలెను గనుక బలము ఎక్కువ కావలెను. ఈ పద్ధతి మనము తలచునంత క్రొత్తది కాదు. బెంజి 300 ఎస్.ఎల్. 1954 లోనే ఇంజెక్షనుతో వచ్చెను. బాష్ వారి విద్యుత్ ఇంజెక్షను 1967 లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కారున కనబడెను. మన దేశమున మాత్రము అది ఆలస్యముగ వ్యాపించెను. శ్రీపెరంబుదూరు దగ్గర తయారై 1998 లో వచ్చిన సాంత్రో ఇంజెక్షను బండియే. 1983 లో కార్బురేటరుతో పుట్టిన మారుతి 800 సహితము, 2000 లో దేశమంతటికి పొగ నియమములు వచ్చిన కాలమున, ఇంజెక్షనునకు మారెను. ఆ తొలి ఇంజెక్షను కార్లకు ఇప్పుడు పాతికేండ్లు దాటినవి. మన పిల్లల కంటికి అవియు పాతబండ్లే.

వీనిలోని పీడనము చదరపు అంగుళమునకు 35 మొదలు 50 పౌన్ల వరకు ఉండును. టైరులోని గాలికంటె ఎక్కువ. 45 పౌన్లనగా నూరడుగులకు మించిన యెత్తున నున్న నీటి తొట్టి బలము. పంపు టాంకిలోననే మునిగియుండి, విద్యుత్తుతో నడచును. పంపులో ఒక కవాటము కలదు. అది పెట్రోలును ముందుకు పోనిచ్చును గాని వెనుకకు రానీయదు. కాబట్టి ఇంజను ఆపిన తరువాత గొట్టములో పీడనము నిలిచిపోవును. ఇది లోపము కాదు, కావలెననియే అట్లు చేసిరి. పీడనము గల ద్రవము త్వరగా మరుగదు. కొండబాటపై తడిగుడ్డ వేసి కూర్చుండవలసిన అవస్థ ఇంజెక్షను బండ్లకు తగ్గుటకు ఇదియొక కారణము. బండికి మేలు చేయు గుణమే దానిని విప్పువానికి ముప్పు. పాఠపుస్తకములో ప్రెషరునకు పీడనమని పేరు పెట్టిన పండితులు పీడ యను మాటను దానిలో నుంచుట ఊరక పోలేదనిపించును.

ఈ పీడనమును దించు విధము చూడుడు. బండి చల్లారిన తరువాత, వెలుపల, టాంకి మూతను మెల్లగా తీసి మరల వదులుగా పెట్టవలెను. తరువాత ఫ్యూజుల పెట్టెలో పెట్రోలు పంపు ఫ్యూజునో, రిలేనో గుర్తించి ఊడదీయవలెను. పెట్టె మూత లోపలి వైపున ఏది దేనిదో సాధారణముగ గుర్తించియుందురు. అది దొరకనిచో టాంకి దగ్గర పంపునకు పోవు తీగల జోడును విడదీయవచ్చును. ఇప్పుడు ఇంజనును స్టార్టు చేయవలెను. పంపు పనిచేయదు గనుక గొట్టములో మిగిలినదానిని త్రాగి ఇంజను కొన్ని క్షణములలో తడబడి ఆగిపోవును. ఆగిన తరువాత సెల్ఫును మరి రెండు మూడు మారులు, ఒక్కొక్క మారు అయిదు సెకండ్లకు మించకుండ, తిప్పవలెను. ఇట్లు పీడనము తనకేర్పడిన దారినే, ఇంజనులోనికే పోయి కాలిపోవును. చేతిపై పడదు, ముఖముపై పడదు. దీనికంటె మేలైన ఉపాయము లేదు. అటుపిమ్మట తాళము తీసి, బ్యాటరీ ఎర్తు తీగను ఊడదీయవలెను. కొందరు బ్యాటరీ తీగను మొదటనే ఊడదీసి ‘జాగ్రత్తపడితిమి’ అందురు. తీగ తీసిన బండిని స్టార్టు చేయుట యెట్లు? పీడనము గొట్టములోనే యుండిపోవును. ఇట్టి పనిలో వరుసయే ప్రాణము.

ఇంజను చెడి స్టార్టు కాని బండియైనచో? కొన్ని బండ్ల ఇంధన గొట్టముపై టైరునకుండునట్టి చిన్న వాల్వు, దానిపై మూత యుండును. దానికి తగిన మీటరును గొట్టమును తగిలించి ఇనుప డబ్బాలోనికి వదలుట సరియైన పని. ఆ వాల్వు లేనిచోట, ఫ్యూజు తీసిన తరువాత సెల్ఫు తిప్పి, బ్యాటరీ తీగ తీసి, బండిని కొన్ని గంటలు విడిచి, కండ్లకు అద్దములు, చేతులకు పెట్రోలు ఓర్చు తొడుగులు ధరించి, మందపు గుడ్డ చుట్టి అరచుట్టు వదలుటయే దారి. ముఖమును ప్రక్కకు త్రిప్పియే వదలవలెను. గొట్టములో పీడనము పోయినదనగా పెట్రోలు పోయినదని కాదు. చెంబెడు ఇంకను కారును. పాత విదేశపు కార్లలో కే-జెట్రానిక్ అను యాంత్రిక ఇంజెక్షను గలవి కొన్ని యున్నవి. వానిలో 70 పౌన్లకు పైబడిన పీడనము ఉండును, దానిని నిలువయుంచుటకు ప్రత్యేకముగ ఒక స్ప్రింగు పాత్రయే కలదు. పంపు ఆగినను ఆ పాత్ర బహుకాలము నెట్టుచునే యుండును. వానిని ఆ పని నేర్చినవాడే ముట్టుట మేలు.

డీజిలు బండ్ల సంగతి ఇచ్చట క్లుప్తముగ చెప్పి విడిచెదను. డీజిలు పెట్రోలువలె సులభముగ అంటుకొనదు. కాని దాని చిమ్ముడు బలము వందల రెట్లు. పాత ఇంజన్లలోనే చదరపు అంగుళమునకు పదునెనిమిది వందల పౌన్ల ప్రాంతము, నేటి ఇంజన్లలో ఇరువదివేల పౌన్లకు పైమాట. ఇంజను తిరుగుచుండగా కారుచున్న చోటును వ్రేలితో తడిమినచో ఆ సన్నని ధార సూదివలె చర్మమును దూరి లోనికి పోవును. పైకి చీమ కుట్టినంత గాయమే కనబడును, నొప్పియు మొదట తక్కువ. లోపల కండ కుళ్లును. అట్టివానిని ఆ గంటలోనే శస్త్రవైద్యుని యొద్దకు చేర్చకున్న వ్రేలో చేయియో పోవును. అట్టి చోటును అట్టముక్కతో చూడవలెను గాని చేతితో చూడరాదు.

ప్రక్క జిల్లాలనుండియు, ప్రక్క రాష్ట్రములనుండియు విరిగిన ఎముకలతో మన పుత్తూరు కట్టునకు జనులు వత్తురు. కాలిన ఒంటికి అట్టి కట్టు లేదు. కాలినచోటను ఇరువది నిమిషములు పారు చల్లని నీటి క్రింద నుంచవలెను. సిరాయు, పండ్లపొడి ముద్దయు, ఆముదమును పూయుట మాని, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి పోవలెను. కంటిలో పెట్రోలు పడినచో పావుగంటకు తక్కువకాకుండ మంచినీటితో కడుగవలెను. బట్టలు తడిసిన యెడల అవి ఆరునులే యని పొయ్యి దగ్గరకు పోరాదు, వెంటనే విడిచి స్నానము చేయవలెను. మంట లేచినప్పుడు నీరు పోయువాడు దానిని చంపడు, పెంచును. పెట్రోలు నీటిపై తేలి మంటతోకూడ ప్రవహించును. పెట్రోలు బంకులలో ఎర్రని బకెట్లలో ఇసుక నింపియుంచుట అందుకే. పొడి చిమ్ము ఆర్పుడు సిలిండరు ఒకటి పని మొదలిడుటకు ముందే చేతికందు దూరమున, బండికి తగులకుండ, ఉంచవలెను. మంట లేచిన తరువాత దానిని వెదకుటకు పోయినవాడు తిరిగి వచ్చు సరికి బండి యుండదు.

ఇటీవల పాత కార్లలో గొట్టములు విప్పవలసిన పని ఎక్కువైనది. దానికి కారణము పెట్రోలులోనే యున్నది. నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మన దేశమున అమ్మకమునకు వచ్చెను, 2025 నాటికి అదియే అంతటను సామాన్యమయ్యెను. 1960 ల నాటి, 1970 ల నాటి రబ్బరు గొట్టములును, పంపులోని పొరయు ఎథనాలును ఓర్చుటకు చేసినవి కావు. అవి ఉబ్బి మెత్తబడును, లేదా ఎండి పగులును. పాత అంబాసిడరును చాలకాలము నిలిపియుంచి తిరిగి నడుపదలచినవారు స్టార్టు చేయుటకు ముందే టాంకి నుండి కార్బురేటరు వరకు ప్రతి రబ్బరు ముక్కను వంచి చూచి, పగిలినదానిని ఎథనాలు ఓర్చు గొట్టముతో మార్పించుట మంచిది. నీటి గొట్టము ముక్కను కోసి తగిలించి తీగతో కట్టుట చూచుచున్నాము. అది కొలది వారములలో జారిపోవును.

పని ముగిసిన తరువాత బిగించిన నట్టులను మరల చూచి, టాంకి మూతను బిగించి, తడిసిన గుడ్డలను అన్నిటిని దూరముగ తీసి, నేలపై చిందినదంతయు ఆరి వాసన పోయిన తరువాతనే బ్యాటరీ తీగ తగిలింపవలెను. ఇంజెక్షను బండిలో ఫ్యూజు పెట్టి, స్టార్టు చేయక, తాళమును ఆన్ వరకు మాత్రము త్రిప్పి రెండు మూడు సెకండ్లు నిలిపి ఆపవలెను. ఇట్లు మూడు నాలుగు మారులు చేసినచో పంపు గొట్టమును మరల నింపును. ఆ సమయమున రెండవవాడొకడు బానెట్టు దగ్గర నిలిచి బ్యాటరీ విళక్కుతో ప్రతి అతుకును చూడవలెను. ఒక్క బొట్టు కనబడినను తాళము తీసి, పీడనము దించు పని మొదటినుండి మరల చేయవలెను. కార్బురేటరు బండిలో పంపు క్రిందనుండు చేతిమీట యున్నచో దానితో గిన్నెను నింపి, అట్లే చూడవచ్చును. డబ్బాలో పట్టిన పెట్రోలు శుభ్రముగ నున్నచో గుడ్డతో వడగట్టి టాంకిలో పోయవచ్చును. మట్టి కలిసినదైనచో మురికికాలువలో పారబోయరాదు, మూతగల ఇనుప డబ్బాలో షెడ్డు వెలుపల నీడను ఉంచవలెను. నీళ్లసీసాలో పోసి గూటిలో పెట్టకుడు. దాహము వేసిన చిన్నపిల్లవానికి సీసాలోనిది నీరో పెట్రోలో తెలియదు. తడిగుడ్డలను ముద్దచేసి మూల వేయక, ఒక్కొక్కటిగా కంచెపై పరచి యెండనిచ్చిన తరువాతనే లోనికి తేవలెను.